బంద్ రోజుల భాయ్

భాయ్ పోయిన సంగతి నాకు పద్దెనిమిది రోజుల తర్వాత తెలిసింది. అదీ ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. భూపాలపల్లిలో మా ఆఫీసుకు జనగామ నుంచి బదిలీ మీద వచ్చిన ఒకామె, ఏవో కాగితాల జిరాక్సులు మసకగా వచ్చాయని విసుక్కుంటూ, "మా జనగామల స్టేషన్ రోడ్డుకు ఒక భాయ్ ఉంటుండె మేడం. అచ్చు గుద్దినట్టు తీస్తుండె. మొన్ననే పాయె పాపం," అంది.

"ఏ భాయ్?" అన్నాను, తెలిసి కూడా.

"బొటనేలు ఎప్పుడు నల్లగుంటుండె సూడుండ్రి, గాయిన."

నేను టీ తాగుతున్నాను. తాగడం ఆపలేదు. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ మనిషితో నాకు ఒక కొట్లాట ఉంది. అది సగంలో ఉండగానే లేచి వెళ్ళిపోయాడు. ఇక ఎవరితో తేల్చుకోవాలి? నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరూ అంటారు, నిజమే. ఆ నోటితోనే ఆయన గురించి చెప్తున్నాను కాబట్టి ఇది కొంత చేదుగానే ఉంటుంది.

భాయ్‌ది చిన్న జిరాక్సు దుకాణం. దుకాణం వెనకే ఇల్లు. రెండింటికీ మధ్య ఒక చాప పరిచేంత జాగా. ఏం అడిగినా వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. టోనరు అంటిన కుడి బొటనవేలితో ఎడమ అరచేతిని నెమ్మదిగా రుద్దుకుని, ఆ తర్వాత "సూద్దాం" అనేవాడు. లేదు అనే మాట ఆయన నోట నేను వినలేదు. పొద్దున మిషను వేసేముందు దాని పక్కకు చెవి ఆనించి వినేవాడు. దానికి జ్వరముందో లేదో చూస్తున్నాడని భాబీ వెక్కిరించేది. భాబీ అంటే ఆయన భార్య.

దుకాణం పెట్టకముందు పదకొండేళ్ళు సౌదీలోని దమ్మాంలో ఒక కంపెనీ ఆఫీసులో జిరాక్సు మిషను దగ్గరే పనిచేశాడు. ఆయన ఉండే గదిలో ముగ్గురు ఫిలిప్పీన్ వాళ్ళు. శుక్రవారం సెలవు. ఆ రోజు పొద్దున్నుంచీ వాళ్ళు ఒక ఆట ఆడేవాళ్ళట. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. 'నీ ముందర ఒక తలుపుంది, అవతల ఏదో గురక పెడుతున్నది, ఏం చేస్తవ్?' అని అడుగుతాడు కథ నడిపేవాడు. వీళ్ళు చెప్పాలి. చెప్పినట్టు జరిగిందా, బెడిసికొట్టిందా అనేది పాచిక తేలుస్తుంది. ఒక్క కథే నెలలు, ఏళ్ళు నడుస్తుంది. గల్ఫ్‌కు పోయినవాళ్ళు బంగారం తెచ్చుకున్నారు, కంబళ్ళు తెచ్చుకున్నారు. ఈయన ఆ ఆట రూల్సు పుస్తకాన్ని మధ్యాహ్నం అన్నం తినే టైములో దొంగగా జిరాక్సు తీసి తెచ్చుకున్నాడు. తొందరలో తీసినవి కాబట్టి సగం పేజీలకు అంచులు లేవు, కొన్ని పేజీలే లేవు. లేనివాటిని ఆయన సొంతంగా పుట్టించాడు.

ఆట బంద్ రోజుల్లో మాత్రమే నడిచేది. మిగతా రోజుల్లో ఆయనకు దుకాణం, నాకు కాలేజీ. బంద్ నాడు ఎవరికీ పని లేదు. తెలంగాణ ఉద్యమం జోరుమీద ఉన్న రోజులవి, బంద్‌లకు కొదువ లేదు. బస్సులు నిలిచిపోయి, స్టేషన్ రోడ్డు మీద ఒక్క సైకిలు కూడా లేని పొద్దున, షటరు సగానికి దించి, ఆ కిందినుంచి వచ్చే వెలుతురులో చాప పరిచేవాడు. నేను మొదటిసారి వెళ్ళింది హాల్‌టికెట్ జిరాక్సు కోసం. బంద్ అని తెలిసీ షటరు కొట్టాను.

"మిషన్ బంద్ బేటీ," అన్నాడు వంగి చూసి. "ఆట షురువైంది. కూసుంటవా?"

లోపల భాబీ, ఇంకొక మనిషి ఉన్నారు. ఆ ఇంకొక మనిషి యాకన్న. మానుకోట అవతల గూడూరు దగ్గరి పల్లె ఆయనది. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ జనగామలో గది తీసుకుని ఉండేవాడు. తెల్లారి లేచి కాలేజీ గ్రౌండులో పరుగెత్తేవాడు. పరుగులో రెండుసార్లు నెగ్గాడు. రెండోసారి నెగ్గిన తర్వాత రైల్‌రోకోలో పట్టాల మీద కూర్చున్నాడు, కేసు అయింది. కేసున్నవాడికి పోలీసు ఉద్యోగం ఎవడిస్తాడు? వారానికోసారి ఠాణాకు పోయి సంతకం పెట్టి వచ్చేవాడు. అయినా పరుగు మానలేదు. నన్ను మొదటి రోజు నుంచే చెల్లె అన్నాడు.

ఆ చాప మీద మేము ఆడిన దానికన్నా, ఎట్లా ఆడాలని తన్నుకున్నదే ఎక్కువ. ఆ పుస్తకంలో ఇరవై ముఖాల పాచిక కావాలని రాసి ఉంది. జనగామలో ఎక్కడ దొరుకుతుంది? లూడో పాచికతో కొన్నాళ్ళు ఆడాం. సంచీలో చీటీలు వేసి తీశాం. చింతగింజలు అరగదీసి వేశాం. చివరికి భాబీ పెళ్ళినాటి పెట్టెలోంచి ఏడు గవ్వలు తీసి ఇచ్చింది. అవే ఖాయమయ్యాయి. గవ్వలంటే జూదం కదా అని మొదట్లో ఆమెకే మనసు ఒప్పలేదు. "పందెం లేంది జూదమెట్లయితది?" అని నచ్చజెప్పాడు భాయ్. నేను అప్పుడు బీఎస్సీ లెక్కలు చదువుతున్నాను. పాచికే మేలు, ఒకటి పడే అవకాశం ఎంతో ఆరు పడే అవకాశమూ అంతే అని వాదించాను.

ఆయన బొటనవేలు రుద్దుకున్నాడు. "అందుకే వద్దు. దునియ గట్ల లేదు బేటీ. గవ్వలేసి సూడు. మూడో, నాలుగో పడుతయి. ఏడుకు ఏడు ఎన్నడో ఒకపారి. మన్షికి ఎక్కువ దినాలు మామూలుగనే పోతయి."

నా లెక్కల పుస్తకంలో ఉన్నదే అది. ఏడో తరగతి దాటని మనిషి నోట వినేసరికి నాకు ఒళ్లు మండింది, ఒప్పుకోలేదు.

పుస్తకంలో ఒక్కొక్కరి బలానికీ తెలివికీ అంకెలున్నాయి. భాయ్ వాటిని కొట్టేశాడు. "బలం పద్దెనిమిది అంటే ఏంది? వడ్ల బస్త ఒకటి మోస్తవా, రెండు మోస్తవా, గది చెప్పు." ఆయన తయారు చేసిన ఫారం రేషన్‌కార్డు దరఖాస్తులా ఉండేది. పేరు, ఊరు, ఏం చేయగలవు, దేనికి భయపడతావు, నీ దగ్గర ఏమున్నది. అంతే. కొత్త రూలు ఏది పెట్టినా మూడు బంద్‌లు ఆడి చూసేవాడు. కొట్లాట తెస్తే తీసేసేవాడు. "రూలు పుట్టిచ్చుడు అల్కనే. సంపుడే కష్టం," అనేవాడు. పాడైన జిరాక్సు కాగితాల వెనక పెన్సిలుతో రాసి మేకుకు గుచ్చేవాడు. రబ్బరుతో చెరిపి చెరిపి ఆ కాగితాలు గరుకెక్కాయి.

మా కథ గంగారం అడవుల అవతల ఒక గుట్ట మీది కోటలో. ఆ కోటలోని బావిని ఒక జిన్ను మూసేసింది, కింద ఊళ్ళకు నీళ్ళు లేవు. భాబీ మందులిచ్చే ముసలమ్మ. నేను గోడలెక్కే దొంగను. యాకన్న కోట దర్వాన్, తలుపు కాసేవాడు. ఫారంలో 'నీ దగ్గర ఏమున్నది' అన్నచోట అందరం కత్తి, తాడు, ఏవేవో రాసుకున్నాం. యాకన్న 'నౌకరి' అని రాశాడు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. "నవ్వుండ్రి నవ్వుండ్రి. నాకైతే గిదొక్కటే అపాయింట్‌మెంటు," అన్నాడు.

అప్పుడు ఒక చిత్రం జరిగింది. దర్వాన్‌గా నోరు తెరవగానే యాకన్న భాష మారిపోయింది. "ఎవరక్కడ? నేనుండగా ఈ ద్వారం దాటి ఎవరూ వెళ్ళలేరు!" అని సినిమా హీరోలాగా మొదలుపెట్టాడు. నేను దొంగను కాబట్టి మన భాషే మాట్లాడుతున్నాను. అట్లా ఎందుకు మాట్లాడుతున్నామో మా ఇద్దరికీ తెలియదు. వీరుడు ఒక భాష, దొంగ ఒక భాష మాట్లాడాలని చిన్నప్పటి నుంచి తెర మీద చూసి చూసి మాలో దిగబడిపోయింది. పొద్దున ఊరేగింపులో మా భాష, మా యాస అని గొంతు చించుకుని వచ్చినవాళ్ళమే ఇద్దరమూ.

భాయ్ గవ్వలు కింద పెట్టేశాడు. "జర ఆగు. నీ దర్వాన్‌ది ఏ ఊరు?"

"గూడూరు."

"గూడూరోడు గట్లనే మాట్లాడుతడా?"

యాకన్న మొఖం ఎర్రబడింది. కొంచెంసేపు చాప పోగులు పీకాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఎవడ్రా గాడ? నేనున్నంక గీ తలుపు దాటి ఎట్ల పోతవో సూస్త," అన్నాడు. షటరు సందులోంచి వచ్చే వెలుతురులో ఆ మనిషి నిటారుగా కూర్చోవడం నాకిప్పటికీ కనబడుతుంది. ఆ రోజు నుంచి దర్వాన్ దర్వానే అయ్యాడు.

దెబ్బల రూలు ఇది. శత్రువు కొడితే భాయ్ గవ్వలేస్తాడు. ఐదుకో, ఆపైకో వెల్లకిల పడితే దెబ్బ తగిలినట్టు. మూడు దెబ్బలు తింటే చచ్చినట్టు. చచ్చినవాడు మళ్ళీ రాడు. చివరిది నేను పట్టుబట్టి పెట్టించింది. ఇంకొకటి భాయ్ పెట్టింది, దాని పేరు మాఫీ. ఒక బంద్‌లో ఒక్కొక్కరికి ఒక మాఫీ ఉంటుంది. పడిన గవ్వలను రద్దుచేసి మళ్ళీ వేయమని అడగవచ్చు. కానీ నీ కోసం నువ్వు అడగరాదు. పక్కవాడి కోసమే అడగాలి. అంచులు లేని ఆ పేజీల్లో ఇట్లాంటిది ఎక్కడా లేదని నేను వెతికి మరీ చెప్పాను. "లేకపోతే రాసుకుందాం," అన్నాడు.

శత్రువు గవ్వలను మాత్రం ఆయన మాకు కనబడకుండా వేసేవాడు. జిరాక్సు కాగితాల అట్టపెట్టె మూత అడ్డం పెట్టుకునేవాడు. అన్నీ కనబడితే కథ రుచి పోతుందట. దర్వాన్ అప్పటికే రెండు దెబ్బలు తిని ఉన్నాడు. ఇంకొక్కటి పడితే పోతాడు. ఆ ఒక్కటి ఎంతకూ పడదు! సకల జనుల సమ్మె వచ్చింది. రోజూ బంద్, రోజూ ఆట. దర్వాన్ మీద ఎలుగుబంట్లు పడ్డాయి, జిన్ను సిపాయిలు పడ్డారు, గోడ కూలింది. ప్రతిసారీ మూత వెనక్కి చూసి "మూడే. గీసుకపోయింది," అనేవాడు భాయ్. నాకేమో చెట్టు మీదినుంచి దూకితే కాలు విరుగుతుంది, భాబీకి పాము కరుస్తుంది. నేను నోటుబుక్కులో గీతలు పెట్టడం మొదలుపెట్టాను. ముప్పై నాలుగు సార్లు. ముప్పై నాలుగింటిలో ఒక్కసారీ ఐదు పడకపోవడమా? లెక్కలు చదువుకున్నదాన్ని, నా చెవిలో పువ్వు పెడతాడా?

ముప్పై అయిదోసారి ఆయన గవ్వలేసి "రెండే," అంటుండగా నేను మూత లాగేశాను.

ఆరు. ఆరు గవ్వలు వెల్లకిల పడి ఉన్నాయి.

భాబీ చేతిలోని చాయ్ గిన్నె కింద పెట్టింది. నేను మాత్రం ఊరుకుంటానా? "వడ్డించెటోడు మనోడైతే కడబంతిల కూసున్నా ఫికర్ లేదన్నట్టు," అని మొదలుపెట్టాను. "ఇన్నేండ్ల సంది మనకు గట్లనే చేసిన్రు గద భాయ్! నీళ్ళు చాటుకే పంచుకున్నరు, నౌకర్లు చాటుకే పంచుకున్నరు. రోడ్డు మీద మనం ఒర్రేది గందుకే గద? ఇంట్ల కూసొని నువ్వు గూడ గదే పని చేస్తివి!"

ఉపన్యాసాలు విని విని నాలుక పదునెక్కి ఉంది నాకు. భాయ్ బొటనవేలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. గవ్వలు అందరి ముందే వేయాలా వద్దా అని ఓటు పెట్టమన్నాను. కథ నడిపేవాడికి ఓటు లేదు. నేను వేయాలన్నాను. భాబీ వద్దంది. యాకన్న ఆ ఆరు గవ్వలనే చూస్తున్నాడు.

"తెరిచే ఏయుండ్రి," అన్నాడు. "నాకు దానం వద్దు."

తర్వాత మిషను దగ్గర నేను చెప్పులు వేసుకుంటుంటే భాయ్ వచ్చాడు. "పొల్లగాడు పొద్దుగాల ఠాణాకు పోయి సంతకం పెట్టచ్చిండు బేటీ. కూసుండవెట్టి రెండు గంటలు ఎవ్వడు మాట్లాడలేదట. మళ్ళ గీడ గూడ సావాల్నా?"

"జాలి పడుడు వేరు భాయ్, మోసం చేసుడు వేరు."

"ఎవనికి మోసమైంది?"

గొంతు పెద్దది ఉంది కాబట్టి అదే వాడి, ఏదో అనేసి షటరు కింది నుంచి బయటపడ్డాను.

మర్నాడూ బంద్. మర్నాడూ ఆట. మూత లేదు. కోట తలుపు దగ్గరికి వచ్చేశాం. నేనూ భాబీ బావి దాకా పోయి రాయి తొలగించి వచ్చేవరకూ దర్వాన్ ఒక్కడూ తలుపు పట్టుకుని నిలబడాలి. దానికి ముందు గోడ మీదినుంచి నేను పడ్డాను. నా మీద వేసిన గవ్వలు ఐదు పడితే భాబీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మాఫీ, మాఫీ! మళ్ళ ఏయుండ్రి," అంది. మళ్ళీ వేస్తే మూడు పడ్డాయి, నాకు దెబ్బ తప్పింది. ఆమె మాఫీ అట్లా నా కోసం అయిపోయింది.

తలుపు దగ్గర జిన్ను జమాదారు యాకన్న మీద గొడ్డలి ఎత్తాడు. భాయ్ గవ్వలను రెండు చేతుల్లో చాలాసేపు ఆడించాడు. వేశాడు.

ఐదు. ఆరూ కాదు, ఏడూ కాదు.

యాకన్న ముందుకు వంగి లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. భాయ్ గవ్వల వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"నీ మాఫీ ఉన్నది బేటీ."

"ఉన్నది."

"మరి?"

అడిగితే అయిపోయేది. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకు అడగలేదని నన్ను నేను ఎన్నిసార్లు నిలదీసుకున్నానో చెప్పలేను. దర్వాన్ మీద నాకు ఈర్ష్య ఉండేది, అది నిజం. కథంతా అతని చుట్టే తిరుగుతున్నదని కుళ్ళుకున్నాను. నిన్న అంత పెద్ద మాటలన్నాక ఇవాళ మెత్తబడితే చులకనైపోతానని కూడా అనుకున్నాను. అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. మాకు అన్యాయం జరిగింది, అన్యాయం జరిగింది అని రోజూ అరిచి అరిచి, న్యాయం అంటే ఎవడో ఒకడి మీద కఠినంగా ఉండటమే అనుకున్నాను. నా ఎదురుగా దొరికినవాడు యాకన్న.

"అడగొచ్చు అని ఉన్నది రూలు," అన్నాను. "అడగాలె అని లేదు."

భాబీ "అయ్యో పిల్లా!" అంది. యాకన్న నవ్వాడు. ఆ నవ్వు ఎట్లాంటిదో నాకు తెలుసు. పరుగులో నెగ్గి, కాగితాల దగ్గర ఆగిపోయిన రోజు కూడా అట్లాగే నవ్వాడు. "ఇడిసిపెట్టు భాయ్. ఉన్న ఒక్క నౌకరి గూడ పాయె," అన్నాడు. ఫారం చాప మీద పెట్టి, షటరు కింది నుంచి వంగి వెళ్ళిపోయాడు. భాయ్ నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు. "అంతేనాయె," అని గవ్వలు ఏరుకున్నాడు. తిట్టి ఉంటే ఆ రోజే ఏడ్చి తేలికయ్యేదాన్ని. అందుకే అన్నాను ఆయన మీద నా కోపం తీరలేదని.

తర్వాత రెండు బంద్‌లు ముగ్గురం కూర్చున్నాం. కథ కదల్లేదు. యాకన్న గది ఖాళీ చేసి ఊరికి పోయాడని తెలిసింది. తర్వాత తెలంగాణ వచ్చింది. ఆ రోజు స్టేషన్ రోడ్డంతా గులాలు. భాయ్ దుకాణం ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళకు మిఠాయి పంచాడు. నా చేతిలో కూడా పెట్టి, "ఇగ బందులుండయా బేటీ?" అన్నాడు.

"గెలిచినం గద భాయ్. ఇగ బందెందుకు?"

"గదే," అన్నాడు. అరచేయి రుద్దుకున్నాడు.

గెలిచినవాళ్ళలో నేను ఉన్నాను. పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. యాకన్న మీద కేసు కొట్టేశారు, కానీ అప్పటికి వయసు దాటిపోయింది. ఆ నౌకరికి పరుగెత్తే కాళ్ళొక్కటే ఉంటే సరిపోదు కదా. మానుకోటలో ఆటో నడుపుకుంటున్నాడని భాయ్ చెప్పాడు. నేను సర్టిఫికెట్లు జిరాక్సు తీయించుకోవడానికి పోయినప్పుడల్లా, అడగకపోయినా చెప్పేవాడు. "యాకన్న మంచిగున్నడు. లగ్గమైంది." "యాకన్నకు బిడ్డ పుట్టింది." ప్రతిసారీ నాకు ముల్లు గుచ్చినట్టుండేది. కావాలని పొడుస్తున్నాడనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక, "నాకెందుకు చెప్తున్నవు భాయ్ గివన్ని? నేను అడిగిన్నా?" అన్నాను.

ఆయన కాగితాలు మూడుసార్లు కొట్టి అంచులు సరిచేసి నా చేతికిచ్చాడు. "అవు బేటీ. నువ్వేం అడగలే."

ఆ మాటతో దుకాణం మెట్లు దిగినదాన్ని మళ్ళీ ఎక్కలేదు. తర్వాత భూపాలపల్లి వచ్చేశాను. జనగామ పోయినా అవతలి వీధిలో వేరే చోట జిరాక్సు తీయించుకున్నాను. ఏళ్ళు గడిచాయి. ఒక్కసారి పోయి, భాయ్, నన్ను పొడిచింది చాలు అని ఆయన ముందు కూర్చుని ఉంటే ఏమయ్యేది? పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నలభయ్యో రోజు ఫాతెహాకు పోయాను. భూపాలపల్లి నుంచి హన్మకొండ, అక్కడి నుంచి జనగామ. రెండు బస్సుల్లోనూ కిటికీ పక్కనే కూర్చున్నాను గానీ దారిలో ఏం చూశానో గుర్తులేదు.

ఇంటి ముందు షామియానా. భాబీ బాగా ముసలిదైపోయింది. నన్ను చూసి తల ఊపింది, దగ్గరికి రాలేదు. నేను ఒక కుర్చీ వెతుక్కుంటుండగా "చెల్లె!" అని ఎవరో పిలిచారు. ఖాకీ చొక్కా, నెరిసిన గడ్డం. పక్కన పదేళ్ళ పిల్ల. యాకన్న. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. ఆయనేమో మొఖమంతా నవ్వుతో వస్తున్నాడు.

"గీ అత్తనే బిడ్డా," అన్నాడు కూతురితో. "మన దర్వాన్‌ను బతికిచ్చింది గీ అత్తనే."

"ఏందన్నా?" అన్నాను.

"ఇంక దాస్తవా చెల్లె? భాయ్ గప్పుడే చెప్పిండు. నేనెల్లచ్చిన వారానికే కాజీపేటల బండి మారి మా ఊరికచ్చిండు. 'అరె, నువ్వు గల్లి దాటకముందే ఆ పిల్ల ఏడ్సుకుంట నీ కోసం మాఫీ అడిగింది, నేను మళ్ళ ఏసిన, రెండే పడ్డయి, నీ దర్వాన్ సావలే' అన్నడు. గా దినం సంది నెలకోపారి అచ్చెటోడు. ఇన్నేండ్లు. ఆటోల కూసొని ఆడెటోళ్ళం, నేను, భాయ్. కోట తలుపు ఇప్పటికి నేనే కాస్తున్న."

నేను భాబీ కోసం చుట్టూ చూశాను.

"నేనే నీ దగ్గరికి రాలేకపోయిన," అన్నాడు యాకన్న. గొంతు తగ్గింది. "నిన్ను మనసుల తిట్టుకుంట షటరు దాటిన గా దినం. నువ్వేమో నా కోసం గంత ఏడ్సినవట. గది తెలిసినంక నీకు మొఖం ఎట్ల సూపియ్యాలె? ఎన్నిసార్లు భాయ్ రమ్మన్నా రాలే. తప్పు నాది చెల్లె. నువ్వు నన్ను మాఫ్ చెయ్యాలె."

రెండు చేతులూ పట్టుకున్నాడు. పదేళ్ళకు పైగా ఈ మనిషి నన్ను తలుచుకుని సిగ్గుపడుతూ బతికాడు. ఇంత పెద్ద అబద్ధాన్ని భాయ్ నెలనెలా బండెక్కి మోసుకుపోయాడు, నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు నిజం చెప్పాలంటే నేను ఒక్కదాన్నే చెప్పాలి. భాబీ అన్నం పళ్ళేలు అందిస్తూ మా వెనకే నిలబడి ఉంది. ఆ రోజు చాప మీద కూర్చున్నది ఆమె కూడా.

పిల్ల నన్నే చూస్తున్నది. "నిజంగ ఏడ్సినవా అత్తా?" అంది.

"ఏడ్సిన బిడ్డా," అన్నాను. "బగ్గ ఏడ్సిన."

భాబీ నా చేతికి పళ్ళెం ఇచ్చింది, నా మొఖం చూడకుండానే.